నల్లరేగడి మీద ఇల్లు

పోయిన జూలైలో మా పడగ్గది గుమ్మం పైన ఒక పగులు కనిపించింది. గుమ్మం మూల నుంచి సీలింగ్ వైపు ఏటవాలుగా, వెంట్రుకంత సన్నంగా ఉంది. పెయింట్ చిట్లిందేమో అనుకుని వదిలేశాను. ఆగస్టు చివరికి అది జానెడయింది. తలుపు గడియ పడటం మానేసింది.

ఈ శీర్షికలో మామూలుగా చదివిన పుస్తకాల గురించో, ఊళ్ళో మనుషుల గురించో రాస్తుంటాను. ఈ నెల రాయబోయేది ఆ పగులు గురించి. కాస్త ఓపిక పట్టండి, అది గోడ దగ్గర ఆగదు.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఒక టౌన్లో. ఇక్కడ వేసవిలో పునాదికి నీళ్ళు పెడతారు. మొక్కలకి కాదు, ఇంటికే. సన్న బెజ్జాలున్న రబ్బరు గొట్టాన్ని గోడకి అడుగు, అడుగున్నర ఎడంగా ఇంటి చుట్టూ పరిచి సాయంత్రాలు కాసేపు నీళ్ళు వదులుతారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఇది విని నవ్వుతారు. నేనూ నవ్వాను. నవ్వి, గొట్టం కొని, మూడేళ్ళు గరాజ్‌లోనే ఉంచాను.

కారణం నేలలో ఉంది. డాలస్ మీదుగా ఆస్టిన్, శాన్ ఆంటోనియో దాకా సాగే ఈ నేలని బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. మన భాషలో చెప్పాలంటే నల్లరేగడి. మా ప్రకాశం జిల్లాలో పత్తి, శనగ వేసే చేలు గుర్తు తెచ్చుకోండి. ఎండాకాలం కాలు దూరేంత నెర్రెలు విచ్చుతాయి, వానాకాలం అదే మట్టి ఉబ్బి చెప్పుని వదలదు. పైరుకి మంచిదే. ఇంటికి మాత్రం కష్టం. ఎండకి మట్టి ముడుచుకుంటే పునాది అంచు కింద ఆధారం పోతుంది, ఒక మూల కుంగుతుంది. ఆ కుంగుడు మనకి కనపడదు. కనపడేది తలుపు దగ్గర.

నేను చదివింది సివిల్ ఇంజనీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్. ఇదంతా మూడో ఏడాది సాయిల్ మెకానిక్స్‌లో చదువుకున్నదే. చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. గొట్టం మాత్రం గరాజ్‌లో ఉంది.

రిపేరు కంపెనీ మనిషి వచ్చి ఇల్లంతా కొలతలు తీసి, పద్నాలుగు పియర్లు వేయాలన్నాడు. పునాది అంచు కింద తవ్వి, జాకీలతో గుంజల్ని ఒకదాని మీద ఒకటి కిందికి దించుతారు, గట్టి పొర తగిలేదాకా. ఖర్చు పన్నెండు వేల డాలర్లు. ఆ రాత్రి నాన్నకి వీడియో కాల్ చేసి పగులు చూపించాను. నాన్న ముప్పై ఏళ్ళు తాపీమేస్త్రీగా చేసిన మనిషి.

"పునాది ఎంత లోతు తీశారురా?" అన్నాడు.

"లోతు లేదు నాన్నా. నేల మీదే కాంక్రీటు పలక పోస్తారు."

కాసేపు మాట్లాడలేదు. "మరి అన్ని డాలర్లు దేనికిచ్చావు?" అన్నాడు. తర్వాత నవ్వాపి, "పగులు మీద సిమెంటు పూయబాక. పూస్తే కనపడకుండా పోద్ది గానీ మానదు. అది మొదలయింది అక్కడ కాదు" అన్నాడు.

మాది చిన్న తెలుగు సంఘం. ముప్పై కుటుంబాలుంటాయి. ఒక అమెరికన్ చర్చి హాలు ఆదివారం మధ్యాహ్నం అద్దెకి తీసుకుని ఆరాధన జరుపుకుంటాం. నెలలో ఒక వారం మాలో ఎవరో ఒకరం వాక్యం చెప్పాలి. సెప్టెంబరులో నా వంతు వచ్చింది. మీరు ఊహించే ఉంటారు. బండ మీద కట్టిన ఇల్లు, ఇసుక మీద కట్టిన ఇల్లు అనే ఉపమానం తీసుకున్నాను.

చిన్నప్పుడు సండే స్కూల్లో ఆ పాట పాడుతూ, ఇసుక ఇల్లు కూలేచోట అందరం కింద పడేవాళ్ళం. ఇప్పుడు సివిల్ వాడి కళ్ళతో మత్తయి ఏడో అధ్యాయం, లూకా ఆరో అధ్యాయం పక్కపక్కన పెట్టి చదివితే మూడు సంగతులు తట్టాయి.

మొదటిది, ఇసుక మీద కట్టినవాడు ఎండాకాలంలో చూస్తే తెలివితక్కువవాడిలా కనపడడు. పాలస్తీనాలో వాన ఏడాదిలో కొన్ని నెలలే. మిగతా నెలల్లో వాగులు ఎండి చదునుగా, కట్టుకోవడానికి వీలుగా కనపడతాయి. ఇసుక స్వతహాగా బరువు మోయలేనిదేమీ కాదు. నల్లరేగడిలో పునాది తీస్తే మా నాన్న కూడా అడుగున ఇసుక పోసి, నీళ్ళు పట్టి, దిమ్మిస కొట్టించేవాడు. ఇసుకకి ముప్పు ప్రవాహంతో. నీళ్ళు దాన్ని కిందనుంచి లాక్కుపోతాయి. కాబట్టి ఆ ఇంటి సంగతి కట్టిన కాలంలో తేలదు, ఇంకో కాలంలో తేలుతుంది.

రెండోది, తవ్వకం మాట లూకాలోనే ఉంది. అక్కడ ఆ మనిషి లోతుగా తవ్వి బండ మీద పునాది వేస్తాడు. మత్తయిలో తవ్వకం ప్రస్తావన లేదు. ఇల్లు కట్టినవాళ్ళకి తెలుసు, తవ్వే రోజుల్లో చూపించుకోవడానికి ఏమీ ఉండదు. చూడటానికి వచ్చిన బంధువులకి గొయ్యి కనపడుతుంది.

మూడోదే అసలైనది. ఆ ఇద్దరూ నమ్మినవాడు, నమ్మనివాడు కాదు. ఇద్దరూ యేసు మాటలు విన్నవాళ్ళే. మన భాషలో, ఇద్దరూ ఆదివారం చర్చికి వచ్చినవాళ్ళే. ఒకడు విని చేశాడు, ఒకడు విని ఊరుకున్నాడు. తేడా అంతే.

ఇవన్నీ ఫోన్లో టైపు చేసి పెట్టుకుని, బాగా వచ్చిందని సంతోషపడుతున్న శుక్రవారం రాత్రి, సంఘంలో ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. మే నెలలో ఎమ్మెస్ అయింది. ఓపీటీ మీద ఉన్నాడు. ఆ వీసాలో ఉద్యోగం లేకుండా మొత్తం తొంభై రోజులకి మించి ఉండకూడదు. అతనికి అరవై దాటాయి.

"అన్నా, కన్సల్టెన్సీవాళ్ళు ఐదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టారు. ఇండియాలో మీరు నా టీమ్ లీడ్ అని రిఫరెన్స్ ఇస్తే చాలు. ఒక్క ఫోన్ కాల్ వస్తుంది."

నేనేమీ అనలేదు. అతనే అన్నాడు: "మీ సాక్ష్యం రెండుసార్లు విన్నానన్నా. ఎనభై రెండో రోజున దేవుడు మీకు దారి తెరిచాడు. నాకూ అలాగే తెరుస్తాడని నమ్మకం."

ఆ సాక్ష్యం గురించి మీకు చెప్పాలి. 2014 జనవరి. ఒక గెస్ట్‌హౌస్‌లో ఎనిమిది మందిమి నేల మీద పడుకునేవాళ్ళం. ఊళ్ళో అప్పు, నెలనెలా వడ్డీ. అమ్మ ఉపవాస ప్రార్థనలో ఉంది. ఎనభై రెండో రోజున కాంట్రాక్ట్ ఉద్యోగం వచ్చింది. ఈ కథ నేను కనీసం పదిసార్లు చెప్పి ఉంటాను, ఇక్కడా, ఊరికి వెళ్ళినప్పుడు మా చర్చిలోనూ. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు కళ్ళు తుడుచుకునేవారు.

నేను చెప్పనిది ఒకటుంది. నా రెజ్యూమెలో హైదరాబాదులో నాలుగేళ్ళ అనుభవం రాసి ఉంది. నేను ఆ నాలుగేళ్ళూ బీటెక్ చదువుతున్నాను. ఆ తర్వాత 2019లో ఇప్పుడున్న కంపెనీలో చేరినప్పుడు ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. అప్పటికి నిజమైన అనుభవమే ఐదేళ్ళుంది. అయినా ఆ నాలుగేళ్ళూ తీయలేదు. తీస్తే పాత రెజ్యూమెతో సరిపోలదని భయం.

ఆ ఆదివారం నేను వాక్యం చెప్పలేదు. ఒంట్లో బాగాలేదన్నాను. అదీ పూర్తిగా నిజం కాదు.

ముందు మా ఆవిడకి చెప్పాను. కోపం వచ్చింది. "పదకొండేళ్ళ తర్వాత ఇప్పుడా? ఇల్లు, పాప స్కూలు, వీసా, అన్నీ నీ ఉద్యోగం మీద ఉన్నాయి" అంది. ఆమె అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు, "ఆ అబ్బాయికి ఏం చెప్పావు?" అని అడిగింది. ఇంకా ఏమీ చెప్పలేదన్నాను. "ముందు అది చెప్పు. వాడికి రోజులు అయిపోతున్నాయి" అంది.

తర్వాత నాన్నకి చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన క్లౌ దొర సంగతి ఎత్తాడు.

ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టుల ఇళ్ళలో ఈ కథ తెలియనివారుండరు. మిగతావారి కోసం క్లుప్తంగా చెబుతాను. జాన్ క్లౌ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. 1866లో ఒంగోలు వచ్చాడు. ఆ మిషన్ పేరు లోన్ స్టార్. టెక్సస్‌నీ లోన్ స్టార్ స్టేట్ అంటారు కాబట్టి ఇక్కడ నంబరు ప్లేట్లు చూసినప్పుడల్లా నాకు ఊరు గుర్తొస్తుంది. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది తవ్వారు. కూలి దొరికింది, తిండి దొరికింది. బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా, ఆ కరువు పని నడిచినంతకాలం ఏడాదికి పైగా ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట ఉండకూడదని. సాయం తగ్గాక 1878లో మళ్ళీ మొదలుపెట్టారు. జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఘంలో ఎక్కువమంది మాదిగలు. మా ముత్తాత తండ్రి ఆ కాలవ తవ్వాడని మా ఇంట్లో చెప్పుకుంటారు.

నాన్న అన్నది ఇది: "ఆకలికి కాలవ తవ్వనిచ్చాడు దొర. ఆకలికి బాప్తిస్మం ఇవ్వలేదు. రెండూ కలవనివ్వలేదు. నీకు ఆకలయింది, అబద్ధం ఆడావు, సరే. దానికి దేవుడి పేరు ఎందుకు పెట్టావు నాయనా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. నేను ఇన్నాళ్ళూ భయపడింది రెజ్యూమె గురించి. నాన్న వేలు పెట్టింది సాక్ష్యం మీద. అబద్ధం ఒకసారి ఆడాను, దాని మీద స్తోత్రం పదిసార్లు కట్టాను. ఆ కుర్రాడు నన్ను అడిగింది కూడా నా రెజ్యూమె చూసి కాదు, నా స్తోత్రం విని.

మనం ఆత్మీయ పునాది అంటే రోజూ బైబిలు చదవడం, ప్రార్థన, ఆదివారం మానకపోవడం అనుకుంటాం. అవన్నీ కావాలి, నేను ఈ ఉదయం కూడా చేశాను. కానీ నాకు ఇప్పుడు అనిపిస్తున్నది, అవి పునాది తవ్వే పలుగూ పారా. గట్టి నేల తగిలేదాకా తవ్వడానికి ఇచ్చినవి. నేను వాటిని శుభ్రంగా తుడిచి, నూనె రాసి, గోడకి తగిలించుకున్నాను. జక్కయ్య ఇంటికి యేసు వచ్చినప్పుడు ఆయన పాట పాడినట్టు లేదు. ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నాడో వాళ్ళకి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. లెక్క చెప్పాడు.

నేనూ లెక్కలు మొదలుపెట్టాను. కుర్రాడికి రిఫరెన్స్ ఇవ్వనని, ఎందుకు ఇవ్వనో కూడా చెప్పాను. నిజంగా వచ్చినదే రాద్దాం, రోజూ రాత్రి తొమ్మిదింటికి ఒక గంట కూర్చుని ఇంటర్వ్యూకి తయారవుదాం అన్నాను. "మీకు జరిగిపోయింది కాబట్టి అలా అంటారన్నా" అన్నాడు. అది నిజమే. వారం రోజులు వచ్చాడు. తర్వాత రావడం లేదు. అతన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. తొమ్మిదింటికి లాప్‌టాప్ తెరిచి మాత్రం ఉంచుతున్నాను.

అక్టోబరు రెండో ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నా పాత సాక్ష్యాన్ని సరిచేశాను. ఐదు నిమిషాలు పట్టింది. ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఒకాయన పక్కకి పిలిచి, "ఇవన్నీ బయట చెప్పేవి కావు బ్రదర్, మన పిల్లలందరికీ ఇబ్బంది" అన్నాడు. ఇంకొకాయన ఏమీ అనకుండా చెయ్యి గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాను. ఆయన చెప్పినవి ఇక్కడ రాయను, ఒకరి కేసు ఇంకొకరికి సరిపోదు. తర్వాత మా మేనేజరుని కలిసి, ఆ నాలుగేళ్ళు లేవని చెప్పాను. ఆమె కాసేపు నన్నే చూసి, చెప్పినందుకు థాంక్స్, కానీ ఇది నా దగ్గరే ఉంచుకోలేను, హెచ్చార్‌కి చెప్పాలి అంది. చెప్పండి అన్నాను. ఇది జరిగి పది రోజులైంది. ఈ మాట రాస్తున్న సమయానికి జవాబు రాలేదు.

ఈ పది రోజుల్లో గొప్ప ప్రశాంతత వచ్చిందని రాస్తే అది ఇంకో సాక్ష్యం అవుతుంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తోంది. ఆఫీసు మెయిల్ తెరవాలంటే కడుపులో తిప్పుతోంది. ప్రార్థన చేస్తుంటే మాత్రం ఒక తేడా తెలుస్తోంది. ఇదివరకు ఒక చోటికి వచ్చేసరికి మాట పక్కకి తిప్పేసేవాణ్ణి. ఇప్పుడు ఆ మలుపు లేదు.

పియర్లు వేయించాలా వద్దా అన్నది హెచ్చార్ జవాబు మీద ఉంది. ఉద్యోగం లేకపోతే పన్నెండు వేలు ఎక్కడివి? అందాకా గొట్టం గరాజ్‌లోంచి తీసి ఇంటి చుట్టూ పరిచాను. వానలు పడేదాకా సాయంత్రం అరగంట నీళ్ళు వదలడం పాప పని. పగులు మీద సిమెంటు పూయలేదు. పాప దాని చివర పెన్సిలుతో గీత గీసి తేదీ వేసింది, పెరుగుతుందో లేదో చూడటానికి.

వచ్చే నెల పుస్తకాల గురించే రాస్తాను.