కంపెనీ బీమా సరే, మన బీమా ఏది?



మే నెల వచ్చింది. సింగపూర్‌లో ఏడాదంతా ఎండే గానీ, ఏప్రిల్, మే నెలల ఉక్క వేరు. 2023 మే 13న ఆంగ్ మో కియోలో 37 డిగ్రీలు కొట్టింది. మనలో చాలామంది లీవు పెట్టి ఊరికి వెళ్లేదీ ఈ రోజుల్లోనే. అందుకే ఈసారి బీమా గురించి రాస్తున్నాను. "కంపెనీ చూసుకుంటుందిలే" అని మనవాళ్లు అంటుంటారు. నేనూ అలాగే అనేవాణ్ణి. ఆ మాట సగమే నిజం.

నిజమైన సగం ముందు చెప్తాను. వర్క్ పర్మిట్ మీద ఉన్న మన ప్రతి ఒక్కరికీ కంపెనీ రెండు బీమాలు కట్టాలి. ఒకటి పనిలో దెబ్బ తగిలితే వచ్చేది. తప్పు ఎవరిదని చూడకుండా వైద్యం ఖర్చు, సెలవు రోజుల జీతం, అవయవం పోతే పరిహారం ఇస్తారు. పనిలో ప్రాణం పోతే కుటుంబానికి 91 వేల నుంచి 2 లక్షల 69 వేల డాలర్ల దాకా వస్తుంది. ఇది 2025 నవంబర్ 1 నుంచి పెరిగిన లెక్క. రెండోది ఆస్పత్రిలో చేరితే వచ్చే మెడికల్ బీమా. 2023 జూలై నుంచి అది ఏడాదికి కనీసం 60 వేల డాలర్లు ఉండాలి. ఈ రెండింటి ప్రీమియం మన జీతంలో కోయకూడదు.

కానీ ఇవి మనం నోరు తెరిస్తేనే పనికొస్తాయి. వడదెబ్బ కూడా పనిలో తగిలిన దెబ్బే. విపరీతమైన వేడి వల్ల వచ్చే జబ్బులు ఇక్కడి వృత్తి జబ్బుల పట్టికలో ఉన్నాయి. కొన్నేళ్ల కిందట నా సైట్లో ఒక తమ్ముడికి స్టీలు కడుతుంటే కళ్లు తిరిగాయి. నీడలో కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, రూముకి పంపేశాను. ఎక్కడా రాయలేదు. రాత్రి రూములో పడిపోయాడు. ఆస్పత్రిలో ఎక్కడ మొదలైందని అడిగితే "రూములోనే" అన్నాడు, నాకు మాట రాకూడదని. దేవుడి దయవల్ల బతికాడు. కానీ ఆ ఒక్క మాట సరిచేయడానికి నెలలు పట్టింది. తప్పు వాడిది కాదు, రాయని నాది. అందుకే చెప్తున్నా, సూపర్‌వైజర్ మొహం చూడకండి. కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా ఆ పూటే చెప్పండి, టైముతో సహా రాయించండి, పక్కవాణ్ణి సాక్షిగా పెట్టుకోండి. సైట్లో వేడి మీటరు 32 చూపిస్తే బరువు పని చేసేవాళ్లకు గంటకు 10 నిమిషాలు, 33 చేరితే 15 నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలని రూలుంది. అడగడానికి సిగ్గెందుకు?

ఇక రెండో సగం. నిద్రలో గుండె ఆగిపోయిందనుకోండి, పనికి సంబంధం లేదని తేలితే ఆ పరిహారం రాదు. లీవులో ఊరెళ్లి బండి మీద నుంచి పడితే కంపెనీ బీమా అక్కడికి రాదు. గల్ఫ్‌కి ఈసీఆర్ పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకు 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. సింగపూర్ ఆ దేశాల లిస్టులో లేదు. మనకి మనమే చూసుకోవాలి.

పెద్ద ఖర్చేం కాదు. మన ఊరి బ్యాంకులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి ఏడాదికి 436 రూపాయలు. 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరొచ్చు, ఏ కారణంతో పోయినా ఇంటికి 2 లక్షలు వస్తాయి. సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో పోతే 2 లక్షలు. విదేశంలో ఉన్నవాళ్లూ చేరొచ్చు, డబ్బు మాత్రం రూపాయల్లోనే ఇస్తారు. రెండూ కలిపి లిటిల్ ఇండియాలో ఒక బిర్యానీ ఖర్చు.

ఇక్కడే మనం దెబ్బతింటున్నాం. ఈ బీమాల ఏడాది మే 31తో అయిపోతుంది. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగిలే ఆ వారంలోనే బ్యాంకు డబ్బు కోసుకుంటుంది. మనం పంపింది పంపినట్టే ఇంట్లో వాళ్లు తీసేస్తారు, అకౌంటు ఖాళీ. ఇండియా నంబరు రీచార్జి లేక ఆగిపోయింది కాబట్టి మెసేజీ కూడా రాదు. బీమా ఉందనే అనుకుంటాం, అది ఎప్పుడో పోయి ఉంటుంది. మళ్లీ చేరితే జీవన్ జ్యోతికి మొదటి 30 రోజులు ప్రమాదం తప్ప వేరే మరణానికి డబ్బు రాదు.

కాబట్టి ఈ ఆదివారం మూడు పనులు చేయండి. ఒకటి, ఊరి అకౌంటులో 500 రూపాయలు ముట్టుకోవద్దని ఇంట్లో చెప్పండి. రెండు, నామినీ పేరు చూడండి. పెళ్లికి ముందు నాన్న పేరు రాసి, ఆయన పోయినా మార్చనివాళ్లు మనలో ఎంతమందో! మూడు, మీ బీమాల వివరం ఒక కాగితం మీద రాసి, ఫొటో తీసి ఇంటికి పంపండి. బీమా ఉన్న సంగతి మీకొక్కరికే తెలిస్తే, మీరు లేని రోజున అది ఎవరికి ఉపయోగం?

ఇక్కడ క్లెయిముకి అడ్డం వస్తే మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్‌కి 6536 2692 నంబరుకు ఫోన్ చేయండి, రాత్రి పగలు తీస్తారు. ప్రమాదం జరిగిన ఏడాది లోపల క్లెయిము పెట్టాలి, మర్చిపోవద్దు.

మనం ఇక్కడ ఎండలో నిలబడేది ఇంట్లో వాళ్లు నీడలో ఉండాలని. ఆ నీడని కంపెనీ మీదే వదిలేయకండి. చదివాక మీ రూము గ్రూపులో వేయండి.