ప్లాను పెంచినా ఆట ఆగుతోంది

ఎర్రగడ్డ, ప్రేమ్‌నగర్, మోతీనగర్ ప్రాంతాల్లో ఇంటర్నెట్ కనెక్షను ఉన్న ఇళ్ళలో ఒక తగాదా తరచుగా వినిపిస్తున్నది. నెల నెలా వందల రూపాయలు పోసి తీసుకున్న కనెక్షన్‌లో సినిమా చక్కగా వస్తుంది. అమెరికాలో ఉన్న బంధువులతో వీడియో మాటలూ సాగుతాయి. పిల్లవాడు స్నేహితులతో కలిసి ఆటకు కూర్చుంటే మాత్రం తెర మీద మనిషి ఒకచోట మాయమై మరొకచోట తేలతాడు. గురిపెట్టిన తుపాకి అరక్షణం ఆలస్యంగా పేలుతుంది. ఒక్కోసారి స్నేహితులున్న ఆటలోకి ప్రవేశమే దొరకదు. ఆపరేటరుకు ఫోను చేస్తే జవాబు సిద్ధంగా ఉంటుంది: "మీ ప్లాను చిన్నదండీ, పెద్దది వేయించుకోండి." వేయించుకుంటారు. బిల్లు పెరుగుతుంది. ఆట యథాప్రకారం ఆగుతుంది.

జబ్బు ఒకటైతే మందు మరొకటి అమ్ముతున్నారన్నది మా అభియోగం. ఆన్‌లైన్ ఆటకు పెద్ద ప్లాను అక్కరలేదు. గంటసేపు ఆడితే ఖర్చయ్యే డేటా సాధారణంగా వంద ఎం.బి. లోపే. అదే గంటలో నాణ్యమైన సినిమా అంతకు పదిరెట్లకు పైగా తీసుకుంటుంది. కొత్త ఆటను దింపుకునేటప్పుడు, అప్‌డేట్లు వచ్చినప్పుడు స్పీడు పనికొస్తుంది, నిజమే. ఆడేటప్పుడు కావలసింది వేరు. మీట నొక్కిన సంగతి సర్వరుకు చేరి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం తక్కువగా ఉండాలి. అంతకంటె ముఖ్యంగా ఎప్పుడూ ఒకే తీరున ఉండాలి. దీన్నే కుర్రవాళ్ళు పింగ్ అంటారు. ఎర్రగడ్డ నుంచి కూకట్‌పల్లికి రోజూ వెళ్ళేవారికి ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. రోడ్డుకు ఎన్ని వరుసలున్నా, భరత్‌నగర్ వంతెన దగ్గర ఎంతసేపు నిలబడ్డామన్నదే లెక్క.

దూరం సాకు కూడా ఇక్కడ చెల్లదు. అనేక ఆటల సర్వర్లు ముంబైలో ఉన్నాయి. ముంబై మనకు సుమారు 700 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికి ఏడు మిల్లీ సెకన్లు చాలన్నమాట. తీగ చుట్టు తిరుగుళ్ళు, మధ్యలో యంత్రాలు అన్నీ కలుపుకొన్నా ఇరవై, ముప్ఫై అవుతుంది. తెర మీద 150 అని కనిపిస్తుంటే మిగతా వంద పైచిలుకు ఎక్కడో పోతున్నట్టే. కొన్నిసార్లు ఆట సెట్టింగులలో సర్వరు సింగపూరు అనో యూరపు అనో పడి ఉంటుంది. ముందు అది చూసుకోవాలి.

ఎక్కడ పోతున్నదో కనుక్కోవడం బ్రహ్మవిద్య ఏమీ కాదు. కంప్యూటరులో పింగ్ అనే ఆదేశం ఉంది. ఫోన్లకు ఇదే పని చేసే ఉచిత యాప్‌లు ఉన్నాయి. ముందుగా ఇంట్లోని రూటరుకే పింగ్ కొట్టి చూడాలి. దాని చిరునామా 192.168.1.1 అనో, 192.168.0.1 అనో రూటరు అడుగున అంటించిన కాగితం మీద సాధారణంగా ఉంటుంది. ఐదు నిమిషాలు అలా నడవనివ్వాలి. నాలుగు గోడల మధ్యనే జవాబు ఒకసారి రెండు, ఒకసారి ఎనభై, మరొకసారి అసలు రాకుండా పోతుంటే దోషం ఇంట్లోని వైఫైది. ఆపరేటరును తిట్టి లాభం లేదు. ఇది నిలకడగా ఉండి, బయటి చిరునామాకు, ఉదాహరణకు 8.8.8.8కు, కొట్టినప్పుడే ఎగుడుదిగుడుగా వస్తుంటే దోషం గడప అవతల ఉంది. ఆ అంకెలను ఫోటో తీసి ఆపరేటరుకు చూపించాలి. 'స్పీడు లేదు' అన్న ఫిర్యాదుకు 'ప్లాను పెంచండి' అనే జవాబు ఉంది. అంకెల ముందు ఆ జవాబు నిలవదు.

వైఫై సంగతి మన పేటలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇరుకు సందులు, ఒకదానికొకటి ఆనుకున్న నాలుగంతస్తుల ఇళ్ళు, ప్రతి వాటాలో ఒక రూటరు. ఫోను తీసి చూస్తే ఇరవై పేర్లు కనిపిస్తాయి. పాతకాలపు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానితో ఒకటి తగలకుండా వాడుకోగల చానళ్ళు మూడే: 1, 6, 11. ఇరవై ఇళ్ళవారూ ఆ మూడింటిలోనే సర్దుకోవాలి. రైతుబజారులో ఆదివారం ఉదయం అందరూ ఒకేసారి బేరమాడినట్టు ఉంటుంది. ఎవరి మాటా ఎవరికీ పూర్తిగా వినిపించదు, మళ్ళీ మళ్ళీ చెప్పుకోవాలి. ఆ మళ్ళీ చెప్పుకోవడమే ఆటలో గెంతుగా కనిపిస్తుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫైలో చోటు ఎక్కువ. కానీ అది గోడ దాటితే నీరసిస్తుంది. రూటరు హాలులో ఉండి పిల్లవాడు వెనక గదిలో కూర్చుంటే దానివల్ల ఒరిగేది తక్కువ. ఎర్రగడ్డ ఆదివారం సంతలో చవకగా దొరికే పాత రూటర్లలో 5 గిగాహెర్ట్జ్ లేనివీ ఉంటాయి. కొనేముందు అడిగి చూసుకోవడం మంచిది.

వీటన్నిటికీ విరుగుడు ఒక తీగ. రూటరు నుంచి కంప్యూటరుకో ఆటపెట్టెకో పది మీటర్ల లాన్ కేబుల్ లాగితే గోడల బాధ, పొరుగువారి బాధ ఒక్కసారిగా పోతాయి. ఏడాది పొడుగునా పెద్ద ప్లానుకు కట్టే అదనపు డబ్బుతో పోలిస్తే దాని ఖర్చు లెక్కలోకి రాదు. అయినా కనెక్షను ఇవ్వడానికి వచ్చినవారు ఈ మాట చెప్పడం అరుదు. పెట్టె గోడకు కొట్టి, స్పీడు టెస్టు చూపించి, సంతకం తీసుకుని వెళ్ళిపోతారు.

తీగ వేసినా రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య మాత్రమే ఆట తడబడే ఇళ్ళున్నాయి. అక్కడ ఇంట్లోని ఫోన్లను కూడా అనుమానించాలి. ఫోటోలు, వీడియోలు ఎవరి ప్రమేయం లేకుండా క్లౌడుకు ఎక్కుతుంటాయి. ఆ మూట వెళ్ళేదాకా ఆట తాలూకు చిన్న చీటీ వరుసలో నిలబడుతుంది. పెళ్ళికి వెళ్ళివచ్చిన రోజు రాత్రి ఇది మరీ ఎక్కువ.

ఇక రెండవ చిక్కు. పింగ్ బాగుంటుంది, అయినా స్నేహితుడి ఆటలోకి ప్రవేశం ఉండదు, లేదా మాట వినిపించదు. ప్లేస్టేషన్‌లో 'టైప్ 3' అని, ఎక్స్‌బాక్స్‌లో 'స్ట్రిక్ట్' అని చూపిస్తుంది. దీని మూలం చిరునామాల కరువు. ఇంటర్నెట్‌కు మొదట ఏర్పరచిన పద్ధతిలో మొత్తం చిరునామాలు 429 కోట్లు మాత్రమే. ప్రపంచానికి పంచిపెట్టే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది. అందుచేత కంపెనీలు వందలాది ఇళ్ళను ఒకే బయటి చిరునామా వెనుక కూర్చోబెడుతున్నాయి. పెద్ద అపార్ట్‌మెంటు మొత్తానికి ఒకటే డోరు నంబరు ఉందనుకోండి. మీరు రాసిన ఉత్తరానికి జవాబు వస్తే వాచ్‌మన్ గుర్తుపట్టి మీ ఇంటికి ఇస్తాడు. మీరు ముందుగా రాయనివారు తమంతట తాము ఉత్తరం రాస్తే అది ఎవరిదో అతనికి తెలియదు. పక్కన పడేస్తాడు. ఆటంతా కంపెనీ సర్వరు మీద నడిచేవాటికి దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. జి.టి.ఎ. ఆన్‌లైన్ వలె ఆటగాళ్ళ యంత్రాలు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఆటల్లో, పిల్లలు తమ కంప్యూటరునే సర్వరుగా పెట్టుకునే మైన్‌క్రాఫ్ట్ వంటి వాటిలో తలుపు మూసుకుపోతుంది.

దీన్ని కూడా ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రూటరు పేజీలోకి వెళ్ళి వ్యాన్ చిరునామా ఏమిటో చూడాలి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీరు కంపెనీ వాచ్‌మన్ వెనుక ఉన్నట్టే. 2012లో ఆ వరుసను ఈ పని కోసమే కేటాయించారు. 10తో మొదలైనా చాలావరకు అదే అర్థం. 192.168తో మొదలైతే మాత్రం మీ ఇంట్లోనే రెండు రూటర్లు ఒకదాని వెనుక ఒకటి ఉన్నాయేమో చూడండి.

ప్రేమ్‌నగర్‌లో ఒక దర్జీ ఇంట్లో జరిగింది ఇదే. కొడుకు పోరు పడలేక ఆయన 40 ఎం.బి.పి.ఎస్. ప్లానును 100కు, తరువాత 200కు పెంచారు. నెలకు మూడు వందలు అదనంగా ఎనిమిది నెలలు కట్టారు. ఆయన లెక్కలో అది ఎన్ని జాకెట్ల కుట్టుకూలో వేరే చెప్పనక్కరలేదు. ఆపరేటరు ఇచ్చిన పెట్టె ఒక రూటరు. వైఫై వెనక గదికి అందడంలేదని కొన్న రెండవ పెట్టె మరొక రూటరు. రెండూ వాచ్‌మన్‌లుగా కూర్చున్నాయి. రెండవదాన్ని వైఫై పంచే పెట్టెగా మాత్రమే పనిచేసేట్టు మార్చేసరికి సగం బాధ తీరింది. మిగతా సగం ఆపరేటరు చేతిలో ఉంది. ఆయన ప్లానును మళ్ళీ 40కి దింపించుకున్నారు. సినిమాకు గాని, ఆటకు గాని తేడా తెలియలేదు.

ఆపరేటరు చేతిలో ఉన్నది ఏమిటి? అడిగినవారికి బయటి చిరునామా ఇవ్వవచ్చు. కొందరు నెలకింత అని తీసుకుని ఇస్తున్నారు. కొందరు తమ దగ్గర లేదంటారు. అంతకంటె మేలైన మార్గం కొత్త చిరునామా పద్ధతి, ఐ.పి.వి.6. అందులో చిరునామాలకు కరువు లేదు. దీని వాడకంలో మన దేశం ప్రపంచంలో ముందు వరుసలోనే ఉంది. పెద్ద కంపెనీల సెల్‌ఫోన్ల పుణ్యమే అదంతా. గల్లీ ఆపరేటరు పెట్టిన పెట్టెలో ఆ మీట ఆపివేసి ఉంటే ఆ ఘనత మన ఇంటికి చేరదు. మీట నొక్కించుకోవడానికి డబ్బు ఖర్చు లేదు, అడగడమే తరువాయి. ఆట తరఫున రూటరు తానే తలుపు తెరిచే యు.పి.ఎన్.పి. అనే ఏర్పాటు కూడా ఉంది. బయటి చిరునామా ఉన్న ఇంట్లో అది చాలావరకు సరిపోతుంది. లేని ఇంట్లో అది తెరిచేది లోపలి తలుపునే.

వీధిలోని తీగల మాట ఎత్తకుండా ఈ వ్యవహారం పూర్తికాదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తీగ తగిలి ఐదుగురు మరణించారు. ఆ తరువాత విద్యుత్ స్తంభాల మీది కేబుళ్ళను నగరమంతటా కత్తిరించారు. అనేక పేటల్లో ఇంటర్నెట్ నిలిచిపోయింది. వ్యవహారం హైకోర్టుకు ఎక్కింది. ప్రాణాలు పోయిన చోట పిల్లల ఆట గురించి మాట్లాడడం భావ్యం కాదు; స్తంభాల మీది ఆ చిక్కుముళ్ళు పోవలసిందే. కానీ తీగలు ఎటు పోవాలో చూపించకుండా కత్తిరిస్తే జరిగేది ఒకటే. పగలు కత్తిరించినదాన్ని రాత్రి అతికిస్తారు. టార్చిలైటు వెలుగులో, నిచ్చెన మీద నిలబడి లైన్‌మన్ వేసే ఆ అతుకు ఎంత బాగుంటుంది? గాజు తీగ అతుకు సరిగా పడకపోతే వెలుతురు తగ్గిపోతుంది. ఇంటి పెట్టెకు చేరే వెలుతురు మైనస్ 27 డి.బి.ఎం. దరిదాపులకు పడిపోతే, ఎర్రలైటు వెలగకపోయినా కొన్ని చీటీలు దారిలోనే పోతుంటాయి. సినిమా ముందే కొంత దాచుకుని నడుస్తుంది కనుక ఆ లోపం బయటపడదు. ఆటకు దాచుకునే వీలులేదు. లైన్‌మన్ దగ్గర వెలుతురు కొలిచే మీటరు ఉంటుంది. ఇంటికి వచ్చినప్పుడు కొలవమని అడిగి ఆ అంకెను రాసుకోవాలి.

పిల్లల ఆటలకు ఇంత రాద్ధాంతమా అని పెద్దలు అడగవచ్చు. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించినప్పుడు పండగ చేసుకున్న తల్లిదండ్రులు లేకపోలేదు. అదే ఆట వేరే పేరుతో 2021 జూలైలో వచ్చింది, 2022లో పోయింది, 2023 మేలో మళ్ళీ వచ్చింది. రాత్రంతా ఆడమని మేము ఎవరికీ చెప్పబోవడంలేదు. అది ఇంటి పెద్దలు తేల్చుకోవలసిన విషయం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు తెలంగాణలో 2017 నుంచే నిషేధం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం కూడా పందెం ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహించదగినవిగా వేరు చేసింది. పైగా ఆటలో గెంతుగా కనిపించే లోపమే ఉద్యోగానికి జరిగే ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో మాట తెగిపోవడంగా కనిపిస్తుంది. పిల్లవాడు ఆ లోపాన్ని ముందు పట్టుకుంటున్నాడు, అంతే.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో సవరించిన సేవా ప్రమాణాలు ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాటిలో స్పీడుతోపాటు ఆలస్యానికీ, దారిలో పోయే చీటీలకూ లెక్క ఉంది. ఫిర్యాదు చేసినప్పుడు డాకెట్ నంబరు ఇవ్వాలి. పరిష్కారం నచ్చకపోతే ఆ కంపెనీలోనే అప్పీలు అధికారి ఉంటారు. ఫోనులో 'చూస్తామండీ' అన్న మాటతో సరిపెట్టుకుని నంబరు తీసుకోకపోతే అప్పీలుకు ఆధారం ఉండదు. ఆపరేటర్లు కూడా కనెక్షను ఇచ్చిన రోజునే రశీదు మీద మూడు సంగతులు రాసి ఇవ్వాలి: ముంబైకి తీగ మీద కొలిచిన పింగ్ ఎంత, పెట్టెకు చేరుతున్న వెలుతురు ఎంత, బయటి చిరునామా ఉందా లేదా. ఈ మూడూ కొలవడానికి పదిహేను నిమిషాలు పట్టదు.

ఆరు నెలలకు, ఏడాదికి ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామని ఇప్పుడు ఇంటింటికీ తిరుగుతున్నారు. ఈ మూడు అంకెలు చేతికి వచ్చేదాకా ఒక నెలకు మించి కట్టకండి.