చేపల సంఘంలో మన పిల్లలు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో శరదృతువు తరగతులు మొదలైన తొలి వారాల్లో విద్యార్థి సంఘాలన్నీ ఆవరణలో బల్లలు వేసుకుని కొత్త సభ్యులను ఆహ్వానించడం రివాజు. కంప్యూటర్ సంఘం, వైద్యవిద్యకు సిద్ధమయ్యేవారి సంఘం, భారతీయ విద్యార్థి సంఘం - వీటి ముందు మన తెలుగు పిల్లలు బారులు తీరుతారు. మత్స్య, జలసంరక్షణ సంఘం బల్ల దగ్గర మాత్రం మనవారు ఆగడం అరుదు. ఎవరైనా ఆగి, పేరు రాయించి, ఆ సంగతి ఇంటికి ఫోను చేసి చెబితే అవతలి నుంచి వచ్చే ప్రశ్న ఒక్కటే: "చేపల సంఘమా? దానివల్ల ఏమి ఒరుగుతుంది?"

ఆ ప్రశ్నను తప్పు పట్టనవసరం లేదు. చదువొక్కటే పెట్టుబడిగా సముద్రాలు దాటి వచ్చిన తల్లిదండ్రులు పిల్లల కాలాన్ని గంటల లెక్కన చూసుకోవడం సహజం. అయితే ఆ ప్రశ్నకు గట్టి సమాధానమే ఉంది. ఏ శాస్త్రం చదివే విద్యార్థికైనా తరగతి గది ఇవ్వలేని ఒక విద్య అక్కడ లభిస్తుంది. తరగతిలో ప్రశ్నను ఉపాధ్యాయుడు తయారుచేసి ఇస్తాడు. ఏటి ఒడ్డున ప్రశ్నను విద్యార్థే వెతుక్కోవాలి.

ఈ సంఘాలు నిన్న మొన్నటివి కావు. అమెరికన్ ఫిషరీస్ సొసైటీ 1870లో ఆవిర్భవించింది. దానికి నేడు ఎన్నో విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి శాఖలున్నాయి. వీటి సభ్యులు శని, ఆదివారాల్లో రబ్బరు దుస్తులు తొడుక్కుని సెలయేళ్లలో దిగుతారు. వీపున మోసే యంత్రంతో నీటిలోకి కొద్దిపాటి విద్యుత్తు పంపి, క్షణకాలం స్తంభించిన చేపలను వలతో అందుకుని, పొడవు, బరువు కొలిచి, తిరిగి నీటిలో వదులుతారు. చెట్టు మానులో వలయాలున్నట్లే చేప పొలుసు మీద కూడా వలయాలుంటాయి. వాటిని సూక్ష్మదర్శిని కింద లెక్కించి వయసు నిర్ణయిస్తారు. నీటిలో కరిగిన ప్రాణవాయువును కొలుస్తారు. పది డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడుతుంది. ముప్ఫై డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. ఒడ్డున చెట్లు కొట్టివేస్తే చేపలెందుకు చస్తాయో ఈ రెండు అంకెలు చూసిన విద్యార్థికి సులువుగా బోధపడుతుంది.

ఇటువంటి పరిశీలన ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికి తెలుగువారు వేలాదిగా స్థిరపడిన సియాటిల్ ప్రాంతమే సాక్ష్యం. అక్కడి పట్టణ సెలయేళ్లలోకి గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి తిరిగివచ్చే కోహో సాల్మన్ చేపలు వానలు పడగానే నీటిపైకి తేలి, నోరు తెరుచుకుని, ఒరిగిపోయి, గంటల వ్యవధిలో మరణించేవి. కొన్ని ఏళ్లలో, కొన్ని వాగుల్లో, తిరిగివచ్చిన చేపల్లో నూటికి నలభై మొదలు తొంభై దాకా గుడ్లు పెట్టకముందే చనిపోయాయి. ప్రభుత్వ శాస్త్రజ్ఞులు, స్వచ్ఛంద సేవకులు వాగుల వెంట నడిచి, చచ్చిన చేపలను లెక్కపెట్టి, ఒక్కొక్క దాని పొట్ట కోసి గుడ్లున్నవో లేవో చూసి రాసిపెట్టారు. రోగం కాదు, వేడిమి కాదు, ప్రాణవాయువు కొరత కాదు. రహదారుల మీది వాననీటిలోనే ఏదో విషం ఉన్నదని ఆ లెక్కల నుంచే క్రమంగా తేలింది.

ఆ తరువాతే రసాయన శాస్త్రవేత్తల వంతు వచ్చింది. కారు టైర్ల పొడి నానబెట్టిన నీటిలో రెండు వేలకు పైగా పదార్థాలు కనిపించాయి. ఆ నీటిని అంచెలంచెలుగా వేరుచేస్తూ, ఏ భాగం చేపను చంపుతున్నదో ప్రతి అంచెలోనూ పరీక్షిస్తూ పోగా చివరకు ఒక్క పదార్థం మిగిలింది. రబ్బరు గాలిలోని ఓజోను సోకి పగుళ్లు బారకుండా టైర్లలో 6 పీ.పీ.డీ. అనే రసాయనం కలుపుతారు. అది తాను ఓజోనుతో చర్య జరిపి రబ్బరును రక్షిస్తుంది. ఆ చర్యలో పుట్టే 6 పీ.పీ.డీ.-క్వినోన్ అనే పదార్థమే హంతకి. ఈ సంగతి 2020 డిసెంబరులో 'సైన్స్' పత్రికలో వెలువడింది. లీటరు నీటిలో సుమారు 95 నానోగ్రాములు, అంటే గ్రాములో కోటివ వంతు కంటె కొంచెం తక్కువ, ఉంటే చాలు, కోహో చేపల్లో సగం చనిపోతాయని 2022లో సవరించిన కొలతలు చూపాయి. విచిత్రమేమంటే అదే వాగులోని చమ్ సాల్మన్‌కు దానివల్ల ఆ కీడు లేదు. రహదారి నీటిని ఇసుక, ఎరువు కలిపిన మట్టి గుండా వడగడితే కోహో కూడా బతుకుతుందని అంతకు ముందే ప్రయోగాలు తేల్చాయి.

ఈ కథలో ఖరీదైన యంత్రాల పాత్ర పెద్దదే. కాని చలిలో, వానలో వాగు వెంట నడిచి చచ్చిన చేపను లెక్కపెట్టినవారు లేకపోతే ఆ యంత్రాలను అడగవలసిన ప్రశ్నే పుట్టేది కాదు. రసాయన శాస్త్రమో, గణాంక శాస్త్రమో, కంప్యూటరో చదివే మన విద్యార్థి ఆ లెక్కలో పాలుపంచుకుంటే అతని విద్యకు లోటేమీ రాదు; దానికి వినియోగం కనబడుతుంది.

చేప జన్మస్థానానికి ఎదురీదడం తెలుగువారికి కొత్త సంగతి కాదు. వరద గోదావరిలో బంగాళాఖాతం నుంచి ఎదురెక్కి వచ్చే పులసను పుస్తెలమ్మి అయినా తినాలని మనవారి సామెత. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది. అదే ఆనకట్ట పులస దారికి అడ్డు కూడా అయింది. రెండూ నిజాలే. పులసకు దగ్గరి బంధువైన షాడ్ చేప అమెరికా తూర్పు తీరపు నదుల్లో ఉంది. మెయిన్ రాష్ట్రంలో కెన్నెబెక్ నది మీద 1837లో కట్టిన ఎడ్వర్డ్స్ ఆనకట్టను 1999లో తొలగించాక, షాడ్ జాతికే చెందిన ఏల్‌వైఫ్ చేపలు లక్షలాదిగా తిరిగి ఎగువకు వచ్చాయి. గోదావరి ఆనకట్టను తీసివేయమనడానికి కాదు ఈ పోలిక. పంటకూ చేపకూ కూడా దారి చూపగల బుద్ధిమంతులు రెండు దేశాలకూ అవసరమని చెప్పడానికి. కొల్లేటిలో 2006లో వందలాది చేపల చెరువుల గట్లు తెంచవలసి వచ్చిన చరిత్ర మనకున్నది. భారతదేశంలో చేపల ఉత్పత్తిలో అగ్రస్థానం కూడా ఆంధ్రప్రదేశ్‌దే. నీటి విద్య తెలిసిన తెలుగు పిల్లలకు అక్కడ పని కరువు లేదు.

ఇక అభ్యంతరాలు. శాకాహార కుటుంబాల్లో చేపను ముట్టడమన్నదే కొందరికి సంకోచం. ఈ సంఘాల సర్వేల్లో చేపను చాలావరకు ప్రాణంతోనే తిరిగి నీటిలో వదులుతారు. చేపను తాకకుండా నీటి పరీక్షలు, లెక్కల నమోదు చూసుకునే పనులూ ఉంటాయి. రెండవది భయం, అది సహేతుకమైనది. మన పిల్లల్లో ఈత రానివారు ఎక్కువ. అందుచేత చేరేముందు ఈత నేర్పించాలి. ప్రాణరక్షక కవచం లేకుండా, అనుభవజ్ఞుడి తోడు లేకుండా నీటిలో దిగబోనని మాట తీసుకోవాలి. మూడవది కాలం. నెలకు రెండు శనివారాలు ఇచ్చినంత మాత్రాన చదువు చెడదు. ఉద్యోగ దరఖాస్తులో ఒక పంక్తి కోసమే చేరితే మాత్రం ఆ రెండు శనివారాలూ దండుగే.

కనుక ఈసారి ఫోనులో ఆ మాట వినబడినప్పుడు, "ఏమి ఒరుగుతుంది" అన్న ప్రశ్నకు బదులు తల్లిదండ్రులు మరొక ప్రశ్న వేయవచ్చు: "ఆ వాగు పేరేమిటి? అందులో ఏ చేపలున్నాయి?" సమాధానం చెప్పలేకపోతే పిల్లవాడు వచ్చే శనివారం వెళ్లి తెలుసుకుని వస్తాడు.