'ప్రజా ప్రయోజనం' ఎవరిది?

తమ్ముడూ, చెల్లీ! 1/70 చట్టం ఉన్నంతకాలం ఏజెన్సీలో కంపెనీ మన భూమి కొనలేదు. సర్కారు భూమి కూడా ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వకూడదని 1997లో సమత తీర్పు చెప్పింది. మరి కంపెనీ ఎట్లా వస్తది? సర్కారు భుజాలెక్కి వస్తది. 'ప్రజా ప్రయోజనం' అని భూసేకరణ నోటీసు పడుతది. పేరు సర్కారుది, లాభం కంపెనీది.

2013 భూసేకరణ చట్టంలో సెక్షన్ 41 చదవండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఎంత అత్యవసరమన్నా గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలె. అదే ఏడాది ఒడిశాలో నియమ్‌గిరి బాక్సైట్ తవ్వకంపై సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. 12 సభలు జరిగితే పన్నెండూ వద్దన్నయి.

అందుకే హాజరు కోసమని తెల్లకాగితం తెస్తే మన పెద్దలతో వేలిముద్ర వేయనీయకండి (చదువుకున్నది మీరే కదా). ముందు తీర్మానం రాయాలె, మన భాషలో చదివి వినిపించాలె. సంతకం ఆ తర్వాతే. నకలు ఊర్లోనే ఉంచుకోండి.