రేపు వచ్చే రంగులు

"రేపు" అన్న మాటకు మన దేశంలో ఉన్నంత పలుకుబడి మరొక మాటకు లేదనుకుంటాను. కిరాణా కొట్టు గోడమీద "అరువు రేపు" అని రాసి ఉంటుంది. ఆ రేపు ఏనాటికీ రాదని కొట్టువాడికీ తెలుసు, మనకూ తెలుసు. బట్టలు కుట్టేవాడు రేపు అంటాడు, నగలు చేసేవాడు రేపు అంటాడు. ఒకప్పుడు పల్లెల్లో తలుపులమీద "ఓ స్త్రీ, రేపు రా" అని రాసి దయ్యాన్ని సైతం వాయిదామీద తిప్పిన ఘనులం మనం! ఈ రేపటి సంఘంలో ఈ కాలాన కొత్తగా సభ్యత్వం పుచ్చుకున్నది సాఫ్ట్‌వేరు.

కెమెరా కొంటే దానితోపాటు ఫోటోలను కంప్యూటరులో దిద్దుకునే సాఫ్ట్‌వేరు ఉచితంగా ఇవ్వడం చాలాకాలంగా ఉన్న ఆచారమే. పెళ్ళికూతురితో పాటు సారె పంపినట్లన్నమాట. అయితే సారెలో పాత చీర పెట్టి, "కొత్త చీర నేతలో ఉన్నది, రాగానే పంపుతాం" అంటే వియ్యపురాలు ఊరుకుంటుందా? కెమెరా కొన్నవాడు మాత్రం ఊరుకోవలసిందే. డబ్బాలో ఉన్నది పాతరకం. మెరుగైనది తయారవుతున్నదనీ, సిద్ధం కాగానే పైసా పుచ్చుకోకుండా ఇస్తామనీ ఒక కాగితం ముక్క. ఎప్పుడు సిద్ధమవుతుందో అందులో ఉండదు.

చిలకలూరిపేట నుంచి నరసరావుపేట పోయే దారి పక్కన ఒక ఊళ్ళో నా దగ్గర చదువుకున్న కుర్రవాడు స్టూడియో పెట్టుకున్నాడు. కొన్నేళ్ళ నాటి మాట. ఆ ఏడు మిరపకాయకు మంచి ధర పలికింది. ధర పలికిన ఏడు మా వైపు పెళ్ళిళ్ళకు లోటుండదు. అతగాడు వడ్డీకి డబ్బు తెచ్చి కొత్త కెమెరా కొన్నాడు. మొదటి పెళ్ళి అంతా "రా" ఫైళ్ళలో తీశాడు.

రా ఫైలంటే ఏమిటని అడిగే గృహిణులకు మా ప్రాంతపు పోలికే చెబుతాను. కెమెరా మామూలుగా మన చేతికిచ్చే బొమ్మ, అంటే జేపెగ్, దంచి డబ్బాకెత్తిన కారం. రా ఫైలు కల్లంలో ఎండిన కాయ. కాయనుంచి మీకు కావలసినట్టు మెత్తగానో, బరకగానో, తొడిమలు తీసో తీయకో కారం కొట్టించుకోవచ్చు. కారాన్ని తిరిగి కాయ చేయడం బ్రహ్మతరం కాదు. లెక్కల్లో చెప్పాలంటే, జేపెగ్‌లో ఒక్కొక్క రంగుకు వెలుగు నీడల మెట్లు 256. పద్నాలుగు బిట్ల రా ఫైలులో అవి 16,384.

ఇంత అవసరమా అంటారేమో. మా గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పండే రెండు పంటలూ కెమెరాకు పెద్ద పరీక్షలు. కెమెరాలోని మీటరు ఎదుట ఉన్నదంతా సగటున బూడిదరంగు అనుకొని వెలుగును కొలుస్తుంది. విచ్చిన పత్తిచేను ముందు నిలబెడితే ఆ తెల్లదనాన్ని నమ్మలేక పత్తిని బూడిద చేసి పెడుతుంది. ఎండబోసిన మిరప ముందు నిలబెడితే ఎరుపు కట్టలు తెంచుకుంటుంది. కోడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంటు దొరికిన పద్ధతినే నేటికీ ఎక్కువ కెమెరాలు అనుసరిస్తున్నాయి. అందులో ప్రతి నాలుగు గళ్ళకూ పచ్చవి రెండు, ఎరుపుది ఒకటి, నీలానిది ఒకటి. మొత్తంమీద వెలుగు సరిగానే ఉన్నట్టు కనబడుతూ ఉండగానే ఎర్రగడి నిండి పొర్లిపోతుంది. అప్పుడు కాయకూ కాయకూ తేడా తెలియని ఎర్రటి ముద్ద మిగులుతుంది. పెళ్ళికూతురి ఎర్రచీరకూ అదే గతి. ఆ ముద్దలోనుంచి జరీ అంచునూ మడతలనూ కొంతైనా బయటకు లాగాలంటే రా ఫైలే శరణ్యం. కనుక మా కుర్రవాడు చేసింది తెలివైన పనే.

చిక్కు ఇంటికి వచ్చాక మొదలయింది. ప్రతి కొత్తరకం కెమెరా తన రా ఫైలును తనదైన లిపిలో రాస్తుంది. డబ్బాలో ఇచ్చిన సాఫ్ట్‌వేరు కెమెరా చేసినవారిది కాదు, మరొకరిది. పైగా అంతకు ముందు ఏడాదిది. ఈ కెమెరా పుట్టిన సంగతే దానికి తెలియదు. ఏ ఫైలు ఇచ్చినా ఇదేమిటో నాకు తెలియదన్నది. పేరుకు "రా" ఫైలు. ఎంత పిలిచినా రాదు.

పెళ్ళికూతురి తండ్రి వచ్చాడు.

"ఏం బాబూ, ఆల్బం ఎంతవరకూ వచ్చింది?"

"సాఫ్ట్‌వేరు రావాలండీ బాబాయిగారూ."

"ఎక్కణ్ణించి?"

"అమెరికా నుంచండీ."

"ఏ లారీ ఆఫీసులో వేశారో కనుక్కున్నావా?"

ఆయన వేళాకోళానికి అన్నాడో, యార్డుకు టిక్కీలు తోలే అలవాటుకొద్దీ అన్నాడో తెలియదు. ఒక నెల గడిచింది. ఈసారి పెళ్ళికూతురి నాయనమ్మ మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడకు కళ్ళలో నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలనీ డాక్టరు చెప్పాడట. "ఒరే అబ్బాయ్, నీ మిషను మంచిదే అయుంటుంది. అది వచ్చేదాకా నా చూపు ఉండాలిగా," అన్నది.

ఆ మాటతో వాడికి నిద్ర పట్టలేదు. అంతవరకూ తిరగెయ్యని కెమెరా పుస్తకం తీసి మొదటినుంచి చదివాడు. రా ఫైలును కంప్యూటరుతో పనిలేకుండా కెమెరాలోనే జేపెగ్‌గా మార్చుకునే వీలు అందులోనే ఉన్నది! వెలుగు కొంత తగ్గించుకోవచ్చు, రంగు కాస్త సవరించుకోవచ్చు. గొప్ప పనితనమేమీ కాదు, చూడటానికి చాలు. రాత్రికి రాత్రి ఇరవై బొమ్మలు మార్చి, తెల్లవారి నరసరావుపేటలో పెద్దసైజు ప్రింట్లు వేయించి తీసుకెళ్ళి ఇచ్చాడు.

ముసలమ్మ వాటిని కిటికీ దగ్గరకు తీసుకుపోయి ముఖానికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూసింది. చీర ఎరుపు సరిగా వచ్చిందా అని అడగలేదు. జరీ కనబడుతున్నదా అని అడగలేదు. "మా పెద్దాడు నా పక్కనే నిలుచున్నాడుగా?" అన్నది. అన్నదమ్ములిద్దరూ పొలం గట్టు తగాదాలో మాటలు మానుకొని చాలా ఏళ్ళయిందట. ఆ ఒక్క బొమ్మలో ఇద్దరూ తల్లికి చెరొక పక్కన ఉన్నారు. ఆవిడ వెతికింది దానికోసం.

మెరుగైన సాఫ్ట్‌వేరు మరి కొన్ని నెలలకు వచ్చింది. ఆల్బం అద్భుతంగా కుదిరింది. ఎరుపు ఎరుపుగా, పసుపు పసుపుగా. అప్పటికి ముసలమ్మ చూపు బాగా మందగించింది. మనవరాలు పక్కన కూర్చుని ఏ పుటలో ఎవరెవరున్నారో చెబుతూ ఉంటే వింటూ కూర్చున్నదట.

ఇది కంప్యూటర్లు తెచ్చిన కొత్త తంటా అనుకోకండి. వస్తువుతో పాటు దాని తరువాయి పనినీ కలిపి అమ్మడం ఫోటోగ్రఫీకి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. 1888లో జార్జి ఈస్ట్‌మన్ అమ్మిన మొదటి కోడాక్ కెమెరా ఖరీదు 25 డాలర్లు. లోపల వంద బొమ్మలకు సరిపడే ఫిల్ము ఉండేది. అయిపోగానే కెమెరాకు కెమెరానే రోచెస్టరు పట్టణానికి పంపాలి; బొమ్మలు కడిగి, కొత్త ఫిల్ము ఎక్కించి, పది డాలర్లు పుచ్చుకుని తిరిగి ఇచ్చేవారు. 1935లో వచ్చిన కొడాక్రోమ్ రంగుల ఫిల్ము సంగతీ అంతే. అమెరికాలో దాని ధరలోనే కడుగుడు కూలీ కలిసి ఉండేది. కడిగే పనీ కంపెనీదే. ఇది పోటీకి అడ్డమని అక్కడి ప్రభుత్వం పట్టుబట్టగా, 1954లో రెండింటినీ విడదీశారు.

కొడాక్రోమ్ రంగులు ఏళ్ళ తరబడి వెలవవని పేరు. కాని దాన్ని కడిగే రసాయనాలు వేరు, పద్ధతి వేరు. ఊరి స్టూడియోవాడికి సాధ్యం కాదు. 2009లో కంపెనీ ఆ ఫిల్ము చేయడం మానేసింది. చివరికి ప్రపంచం మొత్తంమీద దాన్ని కడిగే చోటు కాన్సాస్ రాష్ట్రంలో పార్సన్స్ అనే చిన్న ఊళ్ళోని దుకాణం ఒక్కటే మిగిలింది. 2010 డిసెంబరు 30 తరువాత వారూ కొత్త రీళ్ళు తీసుకోలేదు. "తీరిక దొరికినప్పుడు కడిగించుకుందాం" అని బీరువాలో దాచిన రీళ్ళు దాచినట్టే ఉండిపోయాయి.

ఈనాడు దిద్దుబాటు సాఫ్ట్‌వేర్లలో చక్రవర్తి వంటి ఫోటోషాప్ కూడా సారెతోనే కాపురానికి వచ్చింది. థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు తయారుచేసిన ఆ సాఫ్ట్‌వేరు, 1990లో అడోబీ సంస్థ దాన్ని విడుదల చేయకముందు, బార్నీస్కాన్ అనే స్కానరుతో పాటు సుమారు రెండు వందల ప్రతులు పంపిణీ అయింది. హైదరాబాదులో పుట్టి ఉస్మానియాలో ఇంజనీరింగు చదివిన శంతను నారాయణ్ 2007 డిసెంబరులో ఆ సంస్థకు అధిపతి అయ్యారు. ఆయన హయాంలోనే, 2013లో, ఇకమీదట కొత్త ఫోటోషాప్‌ను శాశ్వతంగా అమ్మబోమనీ, చందా కట్టి వాడుకోవలసిందేననీ ప్రకటించారు. మా రైతులకు ఈ పద్ధతి విప్పి చెప్పనక్కరలేదు. అది కౌలు. కౌలు ఆగితే చేలో అడుగుపెట్టనివ్వరు.

మా చిన్నతనంలో స్టూడియోలో ఒక పెద్దమనిషి భూతద్దం కింద నెగెటివ్ పెట్టుకుని, సన్నగా చెక్కిన పెన్సిలుతో ముఖంమీది మచ్చలు మాపుతూ ఉండేవాడు. ఆయనా "వారం తరువాత రండి" అనేవాడు. కాని ఎదురుగా కనబడుతూ ఉన్న మనిషి కోసం ఎదురుచూడటం వేరు, ఎక్కడో ముక్కూ మొహం తెలియనివారు ఎన్నడో పంపేదాని కోసం ఎదురుచూడటం వేరు. పైగా ఆ నెగెటివును ఏ రేకుపెట్టెలో పడేసినా, యాభై ఏళ్ళకు తీసి ఎండకెదురుగా పట్టుకుంటే ఎవరో పోల్చుకోవచ్చు. రా ఫైలుకు ఎండ చాలదు. దాని లిపి తెలిసిన సాఫ్ట్‌వేరు కావాలి. ఈ ఇబ్బంది చూసే 2004లో డీఎన్‌జీ అనే బహిరంగమైన లిపి ఒకటి వచ్చింది. అందులోకి మార్చుకునే సాధనం ఉచితమే.

ఇదంతా విని మెరుగైన సాఫ్ట్‌వేరు వద్దనుకోవలసిన పని లేదు. ఎదురుచూపు తప్పూ కాదు. మా ప్రాంతంలో మిరపరైతు సరైన ధర వచ్చేదాకా కాయను ఏసీలో, అదే కోల్డ్ స్టోరేజీలో, నెలల తరబడి ఉంచుతాడు. అక్కడైతే రంగు తగ్గదని అతని నమ్మకం, అది నిజమే. అయితే బస్తాలు లారీకి ఎత్తేముందు ఇంటికి కావలసిన ఏడాది కారానికి కాయ తీసి అటకమీద పెట్టించే ఇల్లాలు ఒకతె ఉంటుంది. రేపటి ధర రేపటిది; ఇవాళ్టి కూరకు కారం ఇవాళే కావాలి గదా.

పెళ్ళి కాగానే నాలుగు బొమ్మలు, రంగు కుదిరినా కుదరకపోయినా, కాగితంమీద వేయించి ఇంట్లో పెద్దవాళ్ళ చేతికివ్వండి. మిగిలినవి మీ ఇష్టం, ఏసీలో పెట్టుకోండి.