లెక్క చెప్పవలసిన వేళ

ఎన్నికలు సమీపించిన వనగానే మన పల్లెలకు క్రొత్త సందడి వచ్చును. ఏండ్ల తరబడి కంటబడని వాహనములు వీథివీథిని దిరుగును. డప్పులు మ్రోగును, కండువాలు మారును. ఎన్నడు నెరుగని వావివరుసలు నోట బలుకును. ఈ కోలాహలము నడుమ ప్రతినిధి తన నియోజకవర్గ ప్రజలకు తాను చేసిన పనుల జాబితా నొకదానిని జదివి వినిపించుట యాచారమైనది. వేయించిన బాటలు, కట్టించిన నీటి తొట్లు, ఇప్పించిన పింఛనులు నందుండును. చేసినపని చెప్పుకొనుట తప్పని మే మనము. చెప్పుటకు తగిన వేళ యదియేనా, చెప్పవలసిన దంతయు చెప్పుచున్నారా యనునదే మా ప్రశ్నము.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి యను మూడు పట్టణములును పూర్వపు వరంగల్లు జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న మూడును జిల్లా కేంద్రములైనవి. కలెక్టరు కచ్చేరి యింటికి చేరువైనది; సంతోషమే. ప్రతినిధి మాత్రము చేరువ కాలేదు. లోకసభ విషయమున నీ మూడును మూడు స్థానములలో జేరినవి: జనగామ భువనగిరిలో, భూపాలపల్లి వరంగల్లులో, మహబూబాబాదు తన పేరిటి స్థానములో నున్నవి. ఎవరి నడుగవలెనో తెలియని ప్రజకు ఎన్నికల సభయొక్కటే అడుగుచోటైనది. అక్కడ నైనను అడుగువాడు క్రిందను, మైకు వేదికమీదను నుండును గదా!

2023 నవంబరు 30న జరిగిన శాసనసభ ఎన్నికల సంగతి చూడుడు. జనగామలో 2018న శ్రీ పొన్నాల లక్ష్మయ్యగారిని గెలిచిన శ్రీ ముత్తిరెడ్డి యాదగిరిరెడ్డిగారికి వారి పక్షము మరల టిక్కెట్టు నీయలేదు. శ్రీ పల్లా రాజేశ్వరరెడ్డిగారు నిలిచి గెలిచిరి. పొన్నాలవారు ఆ అక్టోబరులోనే కాంగ్రెసును విడిచి, ఆ పక్షముననే చేరిరి. ఇట్లు లెక్క చెప్పవలసినవారు బరిలో లేకపోయిరి. బరిలోనున్న వారిది ఆ స్థానపు లెక్క కాకపోయెను. ఎవరిని తప్పుపట్టుటకును మే మీ మాట వ్రాయుట లేదు. అభ్యర్థిని మార్చుటతో పాతలెక్క కొట్టివేయబడునా యని మాత్రమే యడుగుచున్నాము.

భూపాలపల్లిలో శ్రీ గండ్ర వెంకటరమణారెడ్డిగారు 2018న కాంగ్రెసు పక్షమున గెలిచి, 2019న పండ్రెండుగురు శాసనసభ్యులలో నొకరై తెలంగాణ రాష్ట్ర సమితిలో విలీనమైరి. 2023న శ్రీ గండ్ర సత్యనారాయణరావుగారు వారి నోడించిరి. జనగామ జిల్లాలోని స్టేషను ఘనపురమున 2023న భారత రాష్ట్ర సమితి పక్షమున గెలిచిన శ్రీ కడియం శ్రీహరిగారు 2024 మార్చిలో కాంగ్రెసున జేరిరి. ఇట్టి పదిమంది సభ్యుల యనర్హత విషయమును మూడు మాసములలో తేల్చవలసినదని సుప్రీముకోర్టు 2025 జూలై 31న సభాపతిని ఆదేశింపవలసి వచ్చినది. నాడొక పక్షము లాభపడినది, నేడు వేరొక పక్షము. పక్షమేదైనను ధర్మ మొక్కటే. ఓటు వేసినవారి నడుగక దారి మార్చినవాడు, ఆ మార్పునకు కారణమును ఆ మాసముననే వారియెదుట చెప్పవలెను. అయిదేండ్లకు చెప్పినచో అది సంజాయిషీ యనిపించుకొనునేగాని లెక్క యనిపించుకొనదు.

జాబితాలలో నుండని సంగతులును గలవు. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టము నాటి ఖమ్మము జిల్లాలో ఉక్కు కర్మాగారపు సాధ్యాసాధ్యములను ఆరుమాసములలో పరిశీలింపవలెనని చెప్పినది. బయ్యారము నేడు మహబూబాబాదు జిల్లాలోనిది. దాని పేరు వేదికలపై వినబడుచునే యున్నది. కర్మాగారము మాత్రము రాలేదు. భూపాలపల్లి జిల్లాలోని మేడిగడ్డ బ్యారేజి స్తంభములు 2023 అక్టోబరు 21న, సరిగా ఎన్నికల వేళనే క్రుంగినవి. కట్టినదానిని చెప్పు జాబితాలు పెక్కు చూచితిమి. క్రుంగినదానిని దానంతట దానే చెప్పిన జాబితా నొక్కదానిని చూడలేదు.

రైతుబంధు ముచ్చట భూస్వాములైన మా పాఠకులు మరచియుండరు. 2023 నవంబరు 27న, పోలింగునకు మూడుదినములు ముందుగా, ఎన్నికల సంఘము ఆ సొమ్ము పంపిణీకి దానిచ్చిన యనుమతిని రద్దుచేసినది. ఒక మంత్రి ఆ పంపిణీని ఎన్నికల సభలో చాటుటయే దానికి కారణము. ప్రజల సొమ్ము ప్రజలకు చేరుటను స్వంతదానమువలె చాటినచో నష్టపడునది రైతే యని నాడు తేలినది.

చట్టము కొంత చేసినది. సుప్రీముకోర్టు 2002, 2003 సంవత్సరముల తీర్పుల ఫలితముగా అభ్యర్థి తన యాస్తులను, అప్పులను, విద్యను, క్రిమినల్ కేసులను ప్రమాణపత్రమున తెలుపవలెను. కాని శాసనసభలో నేమి యడిగెనో, వాగ్దానములలో నెన్ని నెరవేర్చెనో తెలుపుమని యే పత్రమును కోరదు. పార్లమెంటు సభ్యుని పేర ఏటికి అయిదుకోట్ల రూపాయల నియోజకవర్గ నిధియున్నది. అది యేయూరికెంత పోయెనో ఆ ఊరి సభలో ఎందరు వినిరి?

కావున మేము కోరునది యిది. ప్రతి ప్రతినిధియు ఏటేట ఉగాది వెళ్లిన పిమ్మట, మండల కేంద్రమున, వ్రాతమూలకమైన లెక్క నొసగవలెను. ఏమి చెప్పితిని, ఏమి చేసితిని, ఏది చేయలేకపోతిని, ఏల చేయలేకపోతిని, సొమ్మెంత యెచట ఖర్చయినది: ఈ అయిదు సంగతులు చాలును. వినినవారికి ప్రశ్నించు హక్కుండవలెను. ఇట్లు నాలుగేండ్లు చెప్పినవాడు అయిదవయేట డప్పు కొట్టించుకొననక్కర లేదు.

ఇక మనమాట. గుమాస్తా రూపాయి తప్పుచూపిన నాడే నిలదీయు వర్తకుడు, ధాన్యము తూకమున గింజ తగ్గిన నొప్పుకొనని భూస్వామి, ప్రతినిధియెదుట నేల మౌనము వహించుచున్నారు? కొడుకు బదిలీకో, కాంట్రాక్టుకో, భూమిపత్రమునకో తెల్లవారకమునుపే ఆయన గుమ్మమున నిలిచితిమి గనుక. చాటున స్వకార్యము నడిగినవానికి సభలో ఊరికార్యము నడుగుటకు నోరు రాదు. ఏరు దాటుదనుక ఓడ మల్లన్న, దాటిన పిమ్మట బోడి మల్లన్న యను సామెతను ప్రతినిధికి అన్వయించి నవ్వుకొందుము. పని తీరిన పిమ్మట ఊరిని మరచిన మనకును నది వర్తించునని తలపము.

1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరగిన కడవెండి నేటి జనగామ జిల్లాలోనిదే. విసునూరు దేశముఖును ఆనాడు ప్రశ్నించినవారికి ఓటు లేదు, కోర్టు లేదు, పత్రిక యండయు నంతంతమాత్రము. అన్నియు గలిగిన మనము, మన వ్రేలితో ఎన్నుకొన్నవానిని లెక్క యడుగుటకు జంకుట తగదు. రేపు మీ వీథికి వచ్చు అభ్యర్థి యెవరైనను కానిండు. దండ వేయుటకు ముందు ఆ అయిదు ప్రశ్నలు వేయుడని మా మనవి.