బఠాణీలకీ ఫస్ట్ రన్, సెకండ్ రన్!

మొన్న గురువారం రాత్రి మా ఇంట్లో ఓ ఫైటు జరిగింది. డూపుల్లేరు, మ్యూజిక్కూ లేదు. విలన్ని మాత్రం నేనే!

మా వదిన ఆఫీసు నుంచి వస్తూ ఫ్రోజెన్ బఠాణీల పాకెట్ తెచ్చి, పిల్లాడికి పులావు చేసింది. అమ్మ చూసింది. "ఎప్పుడో చచ్చిన గింజలు పసివాడికి పెడతావుటే అమ్మాయ్?" అంది. నేను నోరు మూసుకోవచ్చుగా! "ఆదివారం నేను తెచ్చిన ఫ్రెష్ బఠాణీలు ఫ్రిజ్‌లో ఉన్నాయిగా వదినా!" అని వంత పాడాను. వదిన మాట్లాడలేదు. ఆ రాత్రి అన్నం కూడా తినలేదు.

నిద్ర పట్టక ఈ బఠాణీల గొడవేమిటో చదవడం మొదలెట్టాను. చదివాక అసలే పట్టలేదు!

రీళ్ళ రోజుల్లో సినిమా ప్రింటు మొదటి ఆటకి తళతళలాడేది. ఊరూరూ తిరిగి మన దగ్గరకొచ్చేసరికి ఒళ్ళంతా గీతలే! కూరగాయకి కోసిన రోజే రిలీజు. కోశాక కూడా అది ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. బఠాణీలో తీపి పిండిగా మారుతుంటుంది, సి విటమిన్ తగ్గిపోతుంటుంది. ఎక్కడో ఉత్తరాదిన కోసి, లారీ ఎక్కి, మార్కెట్లో దిగి, తోపుడుబండి మీద ఊరేగి, ఆపైన మా ఫ్రిజ్‌లో నాలుగు రోజులు మూలిగినదాన్ని నేను ఫ్రెష్ అన్నాను చూశారూ... అదీ నా తెలివి!

మరి పాకెట్ సంగతి? కోసిన కొన్ని గంటల్లోనే మరిగే నీళ్ళలో ఒకట్రెండు నిమిషాలు ముంచి, చల్లార్చి, చకచకా గడ్డకట్టించేస్తారు. తర్వాత మైనస్ 18 డిగ్రీల్లో ఉంచుతారు. నెమ్మదిగా గడ్డకడితే పెద్ద మంచు ముక్కలేర్పడి గింజని లోపల్నించి చీల్చేస్తాయి. ఈ కిటుకు క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్ కెనడాలోని లాబ్రడార్ చలిలో ఎస్కిమోలు చేపలు పట్టడం చూసి నేర్చుకున్నాడు. 1930లో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో కొట్లకెక్కించాడు.

అబద్ధమెందుకూ, ఆ వేడినీళ్ళలో సి, బి విటమిన్లు కొంత పోతాయి. అయినా 2015లో కాలిఫోర్నియాలోని డేవిస్ యూనివర్సిటీ వాళ్ళు ఎనిమిది రకాల పళ్ళూ కూరలూ పరీక్షిస్తే, సి విటమిన్ అయిదింటిలో సమానంగానే ఉంది. మూడింటిలో ఫ్రోజెన్‌దే పైచెయ్యి! బీటా కెరోటిన్ మాత్రం బఠాణీ, క్యారెట్, పాలకూరల్లో ఫ్రోజెన్‌వాటికే బాగా తగ్గింది. అంటే అమ్మది పూర్తిగా తప్పు కాదన్నమాట. పొద్దున కోసిన తోటకూర మధ్యాహ్నానికి పొయ్యెక్కితే దానికి సాటి ఏ పాకెట్టూ రాదు, ఒప్పుకుంటాను.

తెల్లారి వదిన దగ్గరకెళ్ళి ఇదంతా ఏకరువు పెట్టాను. "పాకెట్ కొనేటప్పుడు చేత్తో నొక్కి చూడు వదినా. గింజలు విడివిడిగా గలగలమనాలి. ఒకే ముద్దయితే మధ్యలో ఎక్కడో కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట" అని సలహా కూడా ఇచ్చాను.

"అది నాకెప్పుడో తెలుసు మరిదిగారూ" అంటూ నా ఆదివారం బఠాణీల సంచీ చేతికిచ్చింది, ఒలవమని.

సగం కాయలు పసుపెక్కిపోయాయి!